రేటు కార్డులో ఆఖరి లైను

మా షాపులో వెంకటేశ్వరస్వామి క్యాలెండరు పక్కన పదకొండేళ్లపాటు ఒక లామినేషన్ కార్డు వేలాడింది. ఆకుపచ్చ అంచు, పైన సంఘం ముద్ర, రిజిస్టర్ నంబరు, కింద వరసగా రేట్లు. స్ప్లిట్ ఏసీ సర్వీసు 600, విండో 500, ఫిట్టింగ్ 1,500, విప్పి దించితే 800, గ్యాస్ ఫిల్లింగ్ 2,800. ఏటా ఫిబ్రవరి ఆఖర్లో, ఎండలు ముదరకముందే మీటింగ్ పెట్టుకుని అంకెలు మార్చేవాళ్లం. అన్నిటికంటే అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో లైను ఉండేది: "పై ధరలకు తక్కువగా పని చేసిన సభ్యునికి రూ. 2,000 అపరాధ రుసుము విధించబడును."

ఆ లైను రాసింది నేనే. అప్పట్లో సంఘానికి జాయింట్ సెక్రటరీని, పైగా మా బ్యాచ్‌లో ఫోన్లో తెలుగు టైపు చేయడం వచ్చినవాణ్ని నేనొక్కణ్ణే. "విధించబడును" అని రాసినప్పుడు ఏదో జీవో రాసినంత దర్జాగా అనిపించింది, దాచుకోవడం ఎందుకు.

ఊరి పేరు, సంఘం పేరు రాయను. గోదావరి పక్కన ఒక పట్నం, అరవై డెబ్బై మంది ఏసీ, ఫ్రిజ్ మెకానిక్కులు అనుకోండి చాలు. ఇందులో ఎవరినో రచ్చకీడ్చాలని లేదు, ఈడ్చాల్సి వస్తే ముందు నన్నే ఈడ్చాలి.

మూడేళ్ల కిందట, మే నెల. సంఘంలో చేరి ఆరు నెలలైన ఒక కుర్రాడి మీద గ్రూపులో ఫిర్యాదు వచ్చింది. రిటైరైన ఒక మాస్టారి ఇంట్లో ఏసీ చల్లదనం రావడం లేదు. ముందు రోజు మా సీనియర్ సభ్యుడొకాయన వెళ్లి చూసి, గ్యాస్ అయిపోయింది, కార్డు ప్రకారం 2,800 అని చెప్పి వచ్చాడు. మాస్టారు రేపు చెప్తానని పంపించి, మర్నాడు ఈ కుర్రాణ్ణి పిలిచారు. వీడు మేడ మీదికెక్కి, అవుట్‌డోర్ యూనిట్ దగ్గర సబ్బు నురగ పూసి చూస్తే పైపు జాయింటుని బిగించే ఫ్లేర్ నట్టు దగ్గర బుడగలు వస్తున్నాయట. పైపు చివర కోసి, కొత్తగా ఫ్లేర్ చేసి (అంటే అంచు వెడల్పు చేసి), నట్టు బిగించి, ప్రెషరు, ఆంపియర్లు చూసుకుంటూ తగ్గిన మేరకు గ్యాస్ ఎక్కించాడు. 1,100 తీసుకున్నాడు. మాస్టారు సంతోషం పట్టలేక మా సీనియర్‌కే ఫోన్ చేసి, "అదేంటయ్యా, పదకొండొందలతో పోయేదానికి నువ్వు అంత చెప్పావు?" అని అడిగారు. ఇంకేముంది.

మీటింగ్‌కి పిలిపించాం. కుర్రాడు నిలబడే ఉన్నాడు, కూర్చోమని ఎవరూ అనలేదు. "అన్నా, నేను ఎక్కించింది పావు కిలో గ్యాస్. మొత్తం గ్యాస్ డబ్బులు ఎలా తీసుకోను?" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు పెద్దవాళ్లు ఏమంటారో మా ప్రెసిడెంటు గారూ అదే అన్నారు: "రేటంటే రేటే." కుర్రాడు నాలుగు ఐదొందల నోట్లు బల్ల మీద పెట్టాడు. రసీదు నేనే రాసిచ్చాను. వాడు దాన్ని మడిచి, జేబులో పెట్టుకోకుండా టూల్ బ్యాగులో పడేసుకుని వెళ్లిపోయాడు. వాడు అరిచి గొడవ చేసి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణేమో.

నిజానికి ఆ రోజుకి నాకు చట్టం గురించి ఏమీ తెలియదు. తెలిసింది తర్వాత వేసవిలో, మా బావమరిది కొడుకు సెలవులకొచ్చినప్పుడు. లా చదివి హైదరాబాద్‌లో చేస్తున్నాడు. షాపులో కూర్చుని టీ తాగుతూ కార్డు మొత్తం చదివాడు, ఆఖరి లైను రెండుసార్లు చదివాడు. "మావయ్యా, ఇది రేట్ల పట్టిక కాదు. మీ అందరి మీదా మీరే రాసుకుని గోడకి తగిలించుకున్న సాక్ష్యం" అన్నాడు. నేను నవ్వాను. వాడు నవ్వలేదు.

వాడు చెప్పినదాన్ని నా మాటల్లో చెప్తాను. మన దేశంలో 2002 నాటి కాంపిటీషన్ చట్టం ఒకటుంది. ఒకే రకం వ్యాపారం చేసేవాళ్లు కలిసి ధర ఖాయం చేయకూడదనే మూడో సెక్షన్ 2009 మే 20 నుంచి అమల్లో ఉంది. "ఒప్పందం" అంటే స్టాంపు పేపరు మీద రాసుకున్నదే కానక్కర్లేదు. నోటిమాట, ఒక అవగాహన, కళ్లతో తలూపుకున్నది కూడా ఒప్పందమే, దానికి కోర్టులో విలువ ఉండాలని అనుకున్నారా లేదా అన్నదాంతో పనిలేదు. సంఘం తీర్మానం చేసినా అంతే. ఇంకా దారుణం ఏమిటంటే (నాకు అప్పుడు దారుణంగానే అనిపించింది) ధర దగ్గర ఇలా కలిశారని తేలితే మార్కెట్‌కి హాని జరిగిందని ఈ చట్టాన్ని అమలు చేసే కాంపిటీషన్ కమిషన్ విడిగా నిరూపించక్కర్లేదు, జరిగిందనే అనుకుంటారు, జరగలేదని మనమే చూపించుకోవాలి. కార్టెల్ అని, అంటే పోటీ మానేసి ధర దగ్గర ఒక్కటైన జట్టని తేలితే, అది నడిచిన ప్రతి ఏడాదికీ లాభానికి మూడు రెట్ల దాకా, లేదంటే టర్నోవర్‌లో పది శాతం దాకా, ఏది ఎక్కువైతే అది జరిమానా వేయొచ్చు. సంఘంలో పదవి వెలగబెట్టినవాళ్ల సొంత ఆదాయం మీద కూడా పడొచ్చు. జాయింట్ సెక్రటరీ అనే మాట ఆ పూట నాకు కాస్త బరువుగా అనిపించింది. అమెరికాలో అయితే పదేళ్ల దాకా జైలు కూడా ఉందట, మన దగ్గర కార్టెల్‌కి జైలు లేదు, జరిమానాయే.

"ఒరేయ్, ప్రతి సెలూన్‌లోనూ సంఘం బోర్డు ఉంటుంది, టెంట్ హౌసుల వాళ్లకుంది, ఫొటోగ్రాఫర్లకుంది, ఎవర్ని పట్టుకున్నారు?" అన్నాను. ఇది చదివే మీరూ అదే అనుకుంటూ ఉంటారు. ఢిల్లీలో ఉన్న కమిషన్ మా వీధి చివర క్షౌరశాలకి నోటీసు పంపుతుందని నేనూ అనుకోను. కానీ ఫిర్యాదు పైనుంచి దిగదు, కిందనుంచి, ఒక్కోసారి మన పక్కనుంచే లేస్తుంది. మనం జరిమానా వేసినవాడే వేయొచ్చు. యాభై ఏసీలున్న కాలేజీ వేయొచ్చు. పంజాబ్‌లో కీరత్‌పూర్ సాహిబ్ లారీ యజమానుల సంఘం అద్దెలు ఖాయం చేసి, బయటి లారీని లోపలికి రానివ్వకుండా అడ్డుకుంటోందని కమిషన్ దాకా తీసుకెళ్లింది ఒక మామూలు వ్యాపార సంస్థ. 2015లో ఆ సంఘానికి వ్యతిరేకంగానే ఆర్డరు వచ్చింది.

నాకు బాగా తగిలింది బెంగాల్ మందుల షాపుల సంగతి. అక్కడి కెమిస్టుల, డ్రగ్గిస్టుల సంఘం, ఎవరూ ఎమ్మార్పీ మీద డిస్కౌంట్ ఇవ్వకూడదని సర్క్యులర్లు పంపింది. ఇచ్చేవాళ్లని పట్టుకోవడానికి నిఘా పెట్టింది, మాట వినని షాపుల్ని మూయించింది. 2014 మార్చిలో కమిషన్ సంఘం మీదా, దాని కార్యవర్గం మీదా కలిపి 18 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. అది చదువుతుంటే నాకు ఆ సంఘం ఆఫీసు, బల్ల, బల్ల మీద నోట్లు, రసీదు రాసే జాయింట్ సెక్రటరీ, అందరూ కనిపించారు. మాది బుడ్డి సంఘం, వాళ్లది పెద్దది. చేసిన పని ఒకటే: రోగికి పది రూపాయలు తగ్గించినవాణ్ణి దొంగని పట్టుకున్నట్టు పట్టుకోవడం.

మొదట్లో ఈ చట్టం మీద కోపమే వచ్చింది. పొద్దున ఎనిమిదికి ఎండలో రేకుల మీదికెక్కేవాడు రెండు రూపాయలు ఎక్కువ అడిగితే కార్టెలా అని. కానీ కార్డు దించి పక్కన పెట్టి, పదకొండేళ్లలో అది నాకేం చేసిందని లెక్క చూసుకుంటే, సంగతి నేను అనుకున్నట్టు లేదు.

"గ్యాస్ ఫిల్లింగ్ 2,800" అని ఒక్క లైను. దాని వెనక పని ఎన్ని రకాలో చూడండి. సరిగ్గా చేసేవాడు ముందు లీకు ఎక్కడుందో వెతుకుతాడు. నైట్రోజన్ ఎక్కించి ప్రెషరు నిలబడుతుందో లేదో చూస్తాడు. వాక్యూమ్ పంపు పెట్టి అరగంటైనా లాగుతాడు, ఆ తర్వాత సిలిండర్‌ని కాటా మీద పెట్టి కంపెనీ చెప్పినన్ని గ్రాములు తూచి ఎక్కిస్తాడు. ఇదంతా మూడు గంటల పని. ఇంకొకడు గొట్టం తగిలిస్తాడు, పైపు చేత్తో పట్టుకుని చూస్తాడు, "చల్లబడింది సార్" అంటాడు. ఇరవై నిమిషాలు. రెండు నెలలకి మళ్లీ అదే ఇంట్లో అదే 2,800. కార్డు దృష్టిలో ఇద్దరూ ఒకటే. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నట్టు, సంఘం పేరు చెప్పి వాడు అమ్ముకుంటున్నాడు, ఆ చెట్టుకి నీళ్లు పోస్తున్నది నేను.

పోనీ నాకు ఎక్కువ వచ్చిందా? తక్కువకి చేయకూడదని కదా రాసుకున్నాం, ఎక్కువకి చేయొచ్చు కదా అంటారు. కాగితం మీద చేయొచ్చు. ఒకసారి లీకు వెతకడానికే సగం రోజు పట్టిన ఇంట్లో 3,600 చెప్పాను. ఆవిడ లోపలికెళ్లి ఫోన్ తెచ్చి, మా కార్డు ఫొటో చూపించింది. "మీ సంఘమే 2,800 అని రాసింది కదండీ, మీరెవరు ఎక్కువ తీసుకోడానికి?" నేల అనుకుని వేసుకున్నది నెత్తిమీద కప్పైంది. పనిమంతుడు పైకి లేవడానికి వీల్లేదు, కుర్రాడు నిజం బిల్లు వేయడానికి వీల్లేదు. మధ్యలో ఎవరు బాగుపడ్డారో మళ్లీ చెప్పక్కర్లేదు.

అమెరికాలో ఇలాంటి కార్డు మీదే సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసుంది, గోల్డ్‌ఫార్బ్ కేసు. వర్జీనియాలో ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీ, ఇవాళ మన తెలుగువాళ్లు ఇళ్లు కొనుక్కుంటున్న చోటే. 1971లో గోల్డ్‌ఫార్బ్ దంపతులు ఇల్లు కొనబోయారు, కాగితాలు పరిశీలించడానికి లాయరు కావాలి. మొదటి లాయరు బార్ అసోసియేషన్ పట్టికలో ఉన్న రేటు చెప్పాడు. ఇంకెవరైనా తక్కువకి చేస్తారేమోనని వాళ్లు మరో 36 మందికి ఉత్తరాలు రాశారు. 19 మంది జవాబిచ్చారు, ఒక్కడూ పట్టిక కంటే తగ్గలేదు. లాయర్లది విద్య, వ్యాపారం కాదు కాబట్టి అక్కడి పోటీ చట్టం తమకు వర్తించదని బార్ వాళ్లు వాదించారు. 1975లో కోర్టు అదేం కుదరదంది. ఆ 36 ఉత్తరాల సంగతి విన్నప్పుడు నాకు మా మాస్టారే గుర్తొచ్చారు. ఆయనకి రెండో ఫోన్‌కే వేరే రేటు దొరికింది, మేం దొరక్కుండా చేయబోయాం.

ఇంతవరకూ చదివి, వీడు పూర్తిగా అవతలి పక్షం చేరిపోయాడని మా వాళ్లు అనుకుంటారు. లేదు. ఈ చట్టం మీద నాకు తీరని గొడవ ఒకటుంది.

అదే అమెరికాలో, రాజధాని వాషింగ్టన్‌లో, డబ్బులేని ముద్దాయిల తరఫున ప్రభుత్వం పెట్టే లాయర్లుండేవారు. కోర్టులో నిలబడితే గంటకి 30 డాలర్లు, బయట పనికి 20. ఆ రేటు 1970లో పెట్టింది. అడిగి అడిగి విసిగిపోయి 1983లో వందమంది దాకా కలిసి కొత్త కేసులు తీసుకోవడం మానేశారు, గంటకి 35 అయ్యేసరికి మళ్లీ పనిలో దిగారు. నగరంలో పెద్దవాళ్లు కూడా వాళ్లు అడిగింది న్యాయమే అన్నారు. అయినా 1990లో సుప్రీంకోర్టు, ఉద్దేశం ఎంత మంచిదైనా పోటీదారులు కలిసి ధర కోసం పని ఆపడం చట్టవిరుద్ధమే అని తీర్పిచ్చింది. వాళ్లే జీతగాళ్లైతే అది సమ్మె, యూనియన్ హక్కు. ఎవడి పని వాడు చేసుకునేవాళ్లు కాబట్టి కార్టెల్. మేమూ అంతే. ఒకే కంపెనీలో జీతానికి చేస్తే అరవై మందీ కలిసి కూలి పెంచమని అడగొచ్చు, సొంత స్కూటర్ మీద సొంత టూల్ బ్యాగుతో తిరుగుతున్నాం కాబట్టి నోరు విప్పకూడదు.

ఇప్పుడు యాప్ సంగతి చూడండి. ఊళ్లో ఓ యాప్ కంపెనీ దిగింది. దాని కింద మా పాత సభ్యులే ఇరవై మంది దాకా చేస్తున్నారు, వాళ్లు ఉద్యోగులు కాదని, "భాగస్వాములు" అని ఆ కంపెనీయే అంటుంది. సర్వీసు రేటు యాప్ చెప్తుంది, ఇరవై మందికీ అదే రేటు. అందులో ఎవడైనా ఒక రూపాయి తగ్గిద్దామన్నా పెంచుదామన్నా వీల్లేదు. అదే ఇరవై మంది టీ కొట్టు దగ్గర కూర్చుని "అందరం 600 అందాం" అనుకుంటే కార్టెల్, అదే అంకె పైనుంచి ఫోన్లో దిగితే టెక్నాలజీ. ఓలా, ఊబర్ మీద ఇలాంటి వాదనతోనే ఒకాయన కమిషన్ దగ్గరికి వెళ్లాడు, డ్రైవర్ల మధ్య ఉండాల్సిన పోటీని యాప్ చంపేసి రేటు తనే ఖాయం చేస్తోందని. డ్రైవర్లు తమలో తాము ఒప్పందం చేసుకున్నట్టు లేదని కమిషన్ 2018లో ఫిర్యాదు మూసేసింది, 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా అక్కడే నిలబడింది. చట్టం మాట ప్రకారం చూస్తే నాకు తప్పు దొరకలేదు, డ్రైవర్లు నిజంగానే మాట్లాడుకోలేదు. కానీ మాట్లాడుకున్నవాడికి జరిమానా, మాట్లాడే అవసరమే లేకుండా చేసినవాడికి దారి. యూరప్‌లో ఈ ఇబ్బంది కనిపెట్టి, ఒంటరిగా పని చేసుకునేవాళ్లు కలిసి యాప్‌లతో బేరమాడుకోవచ్చని 2022 సెప్టెంబర్‌లో మార్గదర్శకాలు ఇచ్చారు. గమనించండి, బేరం యాప్‌తో. ఇంటికి పిలిచిన మాస్టారితో కాదు. ఆ తేడా మన దగ్గర కూడా రాసుకోవాలని నా వాదన. మాకంటే వందరెట్లు బలమున్నవాడితో కలిసి మాట్లాడనివ్వండి, మాకంటే బలహీనుడి మీద కలిసి పడనివ్వకండి. మా కార్డు రెండో పనే చేసింది.

"అయితే సంఘంలో ఇంక ధర మాటే ఎత్తకూడదా, భజన చేసుకోవాలా?" అని మా ప్రెసిడెంటు గారు అడిగారు. నేను మేనల్లుణ్ణి అదే అడిగితే, రేపు ఎంత తీసుకుందామన్నది తప్ప దాదాపు ఏదైనా మాట్లాడుకోవచ్చు అన్నాడు, అనుమానం వస్తే లాయర్ని అడగమన్నాడు, నేనూ మీకు అదే చెప్తాను. ఒక రోజు పనికి ఖర్చెంతవుతుందో లెక్క కట్టడం నేర్పొచ్చు: పెట్రోలు, హెల్పర్ కూలి, గేజులు పంపులు అరిగిపోవడం, మళ్లీ వెళ్లి ఊరికే చేసిచ్చే పనులు, జూన్ నుంచి జనవరి దాకా ఖాళీగా ఉండే రోజులు. పోయిన నెలలో ఒకసారి నేర్పాను. సగంమంది తమ స్కూటర్ ఖర్చు కూడా వేసుకోవడం లేదు. రేటు గురించి పదకొండేళ్లు పోట్లాడుకున్నాం గానీ ఖర్చు ఒక్కసారి రాసుకోలేదు. లెక్క పద్ధతి అందరిదీ ఒకటే, కింద వచ్చే అంకె మాత్రం ఎవడిది వాడిది, పక్కవాడికి చూపించక్కర్లేదు.

మాటల్లో జాగ్రత్త ఎందుకంటే సిమెంట్ కంపెనీల కథ ఉంది. 2012లో పదకొండు కంపెనీల మీద, వాళ్ల సంఘం మీద కలిపి 6,300 కోట్ల దాకా జరిమానా పడింది. కంపెనీలు దాన్ని ఒప్పుకోక పై కోర్టుల దాకా వెళ్లాయి. అక్కడ "అందరం ఇంతకి అమ్ముదాం" అనే కాగితం ఒక్కటీ దొరికి కాదు. సంఘం ద్వారా ధరల, ఉత్పత్తి సమాచారం ఒకరిది ఒకరికి అందడం, మీటింగులు, ఆ వెంటనే రేట్లు పెరగడం, ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూసింది కమిషన్. వాళ్లకే కాగితం లేకుండా అంత జరిగితే, మా వాట్సాప్ గ్రూపులో "రేపటినుంచి గ్యాస్ 3,000, అందరూ పాటించగలరు" అని మెసేజు, కింద నలభై దండాలు.

ఎవరైనా ఆ మాట ఎత్తితే ఊరికే కూర్చోవద్దని, వద్దని చెప్పి లేచి వెళ్లిపోవాలని, వెళ్లినట్టు మినిట్స్‌లో రాయించాలని మేనల్లుడు చెప్పాడు. ఫిబ్రవరి మీటింగ్‌లో అలాగే లేచాను. "బాత్రూమ్ అటుపక్క" అన్నారెవరో. మినిట్స్‌లో రాయమంటే సెక్రటరీ పెన్ను పట్టుకుని, "ఏమని రాయాలన్నా, అలిగి వెళ్లారనా?" అన్నాడు. చివరికి ధరల చర్చకి అభ్యంతరం చెప్పి బయటికి వెళ్లారు అని రాశాడు. మెట్ల మీద నిలబడి ఉంటే లోపల చర్చ మళ్లీ మొదలైంది, కాస్త గొంతు తగ్గించి.

కుర్రాడి రెండు వేలు తిరిగిచ్చేద్దామని కూడా అడిగాను. ఆ డబ్బు వినాయక చవితి పందిరికి ఖర్చైపోయిందన్నారు. నా జేబులోంచి ఇస్తానని వాడికి ఫోన్ చేశాను. "మీరెందుకన్నా ఇవ్వడం, రసీదు సంఘం పేరు మీద ఉంది కదా" అన్నాడు. అంటే రసీదు పారేయలేదన్నమాట.

నిన్న రాత్రి గ్రూపులో ఈ నెల మీటింగ్ అజెండా వచ్చింది. మొదటిది బీమా. రెండోది ఆర్-32 ఏసీ గ్యాస్ సిలిండర్ల వాడకంలో జాగ్రత్తలు. మూడోది "ధరల సవరణ, కొత్త కార్డు ముద్రణ". మూడోది తీసేయమని కారణాలతో సహా రాశాను, ఫోన్లో తెలుగు టైపు చేయడం వచ్చిన పాపానికి కాస్త పొడుగ్గానే రాశాను. అందరూ చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఒక్కటే వచ్చింది, ఆ కుర్రాడి దగ్గర్నుంచి: "అన్నా, కార్డు వేస్తే ఈసారి ఆఖరి లైను ఎవరు టైపు చేస్తారు?"